నాలోంచి మాట్లాడేది ఎవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చుంటే నాలుగు ఒకదాని పక్కన ఒకటి పెట్టాలనిపించింది. నాలుగూ మన ఒడిశా బోర్డర్ ఊళ్ళ నించి వచ్చినవే. రాసినవాళ్ళ వయసులు వేరు, గొడవలు వేరు, కానీ అందరూ అడిగింది దగ్గర దగ్గర ఒకటే, నన్ను పెంచిన తీరులోంచి నన్ను విడదీసి చూసుకోవడం ఎలా అని. పేర్లు వద్దన్నారు, అందుకని ఊరి పేరు మాత్రం ఉంచేను.

పర్లాకిమిడి నించి:

టీచర్‌గారూ, నాకు 27. ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా మీడియం, ఇప్పుడు భువనేశ్వర్‌లో జాబ్. ఆఫీస్‌లో నేను తెలెంగా (అంటే తెలుగు) వాడిని, శ్రీకాకుళంలో మేనత్త ఇంటికెళ్తే ఒడియా వాడిని, వాళ్ళ పిల్లలు నా యాస విని నవ్వుతారు. అది అలవాటైపోయింది లెండి. అసలు బాధ వేరే. పోయిన నెల పాతపట్నంలో పెళ్లిచూపులు అయ్యేయి, ఇద్దర్నీ మాట్లాడుకోమని డాబా మీదకి పంపించేరు. ఆ అమ్మాయి చాలా మామూలుగా మీకు ఏ కూర ఇష్టం అని అడిగింది. నేను వెనక్కి తిరిగి మెట్లవైపు చూసేను, అమ్మ ఉందేమో అని. అమ్మ లేదు. ఏదైనా పర్లేదండీ అన్నాను. తర్వాత ఇంకో మూడు అడిగింది, మూడింటికీ అదే అన్నాను. సంబంధం కుదర్లేదు, వాళ్ళు కారణం చెప్పలేదు గానీ నాకు తెలుసు. చిన్నప్పట్నించీ నాన్నది ఒకటే మాట, మనం పరాయిచోట ఉన్నాం, తల వంచుకుని పోవాలి, నీకెందుకు గొడవ అని. నా చదువు, నా జాబ్, పండక్కి నా చొక్కా రంగు కూడా ఆయనే చూసేవారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ 27 ఏళ్ళొచ్చి నాకేం ఇష్టమో నాకే తెలీదంటే అసలు నేనెవర్ని?

జవాబు:

బాబూ, నీ ఉత్తరంలో ఆ మెట్లవైపు చూడటం దగ్గర చాలాసేపు ఆగిపోయేను. ఇష్టం అనేది పుట్టుకతో లోపల తయారుగా ఉండి, అడగ్గానే బయటికి వచ్చేది కాదు, ఎవరో ఒకరు చిన్నప్పుడు పదే పదే అడిగితే, మనం చెప్పింది విని దానికి తగ్గట్టు ఏదో ఒకటి జరిగితే, అప్పుడు అలవాటవుతుంది. నీకు ఏం తెలుసు ఉండు నే వడ్డిస్తాను అని ప్రేమగా పెట్టిన ఇంట్లో పిల్లాడికి కడుపు నిండుతుంది గానీ నాకిది కావాలి అనే మాట నోరు తిరగదు. నువ్వు ఖాళీ మనిషివని ఎందుకనుకుంటున్నావ్, నిన్నెవరూ అడగలేదు, అంతే. ఆ అమ్మాయి అడిగింది, బహుశా మొదటిసారి.

ఇంక మీ నాన్నగారి మాట. "మనం పరాయిచోట ఉన్నాం" అన్నది ఆయన సొంతంగా కనిపెట్టిన మాటేనా అని నాకు అనుమానం. మీ ఊరి సంగతి నీకు తెలిసే ఉంటుంది గానీ దాన్ని మీ ఇంటికి కలిపి ఎప్పుడైనా చూసేవా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్స్ ఏర్పడింది, అంతవరకూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి ఊరు దాంట్లోకి వెళ్ళింది, ఆ జమీందారీలో మిగతా ముక్క మద్రాసులోనే ఉండిపోయింది. నువ్వు పెళ్లిచూపులకి వెళ్ళిన పాతపట్నం ఇటు, మీ ఇల్లు అటు. ఎవరూ ఇల్లు మారలేదు, నీలమణి దుర్గ గుడి ఎక్కడుందో అక్కడే ఉంది, రెండు భాషలవాళ్ళూ ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు, కానీ కోర్టు భాష, ఆఫీసు భాష, పిల్లల బడి భాష మారిపోయేయి. మీ ఊళ్ళోనే మాస్టారుగా పనిచేసి, వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడి, సవర గిరిజనుల భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం వాచకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ సమయంలోనే 72 ఏళ్ళ వయసులో ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయేరు. అంత మనిషే ఉండలేకపోయేరంటే ఊళ్ళో మిగిలిపోయిన మామూలు తెలుగు కుటుంబాలవాళ్ళు ఏమనుకుని ఉంటారు? గొడవ పడకండి, కనపడకండి, పని చేసుకోండి. ఆ జాగ్రత్త అప్పటికి పనికొచ్చింది. మీ ముత్తాత నించి తాతకి, తాత నించి నాన్నకి వచ్చి ఉండొచ్చు, ఇది నా ఊహే, ఆయన్నే అడుగు. నీ దగ్గరికి వచ్చేసరికి దాని అవసరం చాలా వరకూ తీరిపోయి, అలవాటు ఒక్కటీ మిగిలింది. ఆఫీస్‌లో మేనేజర్ ఆదివారం రమ్మంటే సరే సార్ అనేటప్పుడు నీ నోట్లోంచి మాట్లాడేది ఎవరో ఒకసారి చెవి పెట్టి విను.

జేమ్స్ మార్సియా అని ఒక సైకాలజిస్టు 1966లో కుర్రాళ్ళని కూర్చోబెట్టి రెండే సంగతులు చూసేడు, నీ జీవితం గురించి నువ్వు వెతుక్కున్నావా, దేనిమీదైనా గట్టిగా నిలబడ్డావా. వెతికి నిలబడ్డవాళ్ళు కొందరు, ఇంకా వెతుకుతున్నవాళ్ళు కొందరు, వెతకనూ లేదు నిలబడనూ లేదు అనేవాళ్ళు కొందరు. నాలుగో రకం ఉంది చూశావూ, వెతక్కుండానే నిలబడినవాళ్ళు, ఇంట్లో ఇచ్చిన జీవితాన్ని అలాగే తొడుక్కున్నవాళ్ళు. వీళ్ళు బయటికి చాలా కుదురుగా కనిపిస్తారు, మార్కులొస్తాయి, జాబ్ వస్తుంది, అందరూ మంచి పిల్లాడంటారు. ఎవరైనా ఒక చిన్న ప్రశ్న అడిగేవరకూ ఏమీ తెలీదు. నువ్వు ఆ నాలుగో గదిలో ఉన్నావని నాకనిపిస్తోంది, మార్సియా చెప్పిందాంట్లో నాకు నచ్చింది ఏటంటే ఇవి జాతకాలు కావు, మనిషి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తాడు, 27కి నడవొచ్చు, 50కి కూడా నడవొచ్చు. మధ్యలో వెతికే గది మాత్రం తప్పదు, అక్కడ కొన్నాళ్ళు అయోమయంగానే ఉంటుంది. నువ్విప్పుడు గడప దాటేవు కాబట్టే ఈ ఉత్తరం రాసేవు.

తెలెంగా, ఒడియా వాడు అనే మాటలు అలవాటైపోయాయి అన్నావు, అలవాటైపోలేదు, అందుకే వాటితోనే మొదలెట్టేవు. నా సంగతి చెప్తాను. నేను బరంపురంలో పుట్టి పెరిగేను, 31 ఏళ్ళు తెలుగు చెప్పేను. అయినా ఇవాళ్టికీ కూరగాయల లెక్క వేసేటప్పుడు నాకు ఏడెనిమిదులు ఒడియాలోనే వస్తుంది, ఎందుకంటే పణికియా, అంటే ఎక్కాలు, నేర్పిన మాస్టారు ఒడియా ఆయన. కోపం వస్తే తెలుగు, దేవుడి దగ్గర అమ్మ నేర్పిన తెలుగు, చద్దన్నం తిన్నప్పుడు మాత్రం పఖాళ అనే అంటాను, మామూలుగా మా ఇంట్లో చద్దన్నం అంటే నిన్నటి అన్నం, పఖాళ అంటే మిట్టమధ్యాహ్నం నీళ్ళన్నంలో పెరుగూ, వేయించిన బడీ (వడియం), పక్కింటి మౌసీ పంపిన శాగా (ఆకుకూర). రెండూ ఒకటి కాదు నాకు. వయసులో ఉన్నప్పుడు ఇదంతా సగం సగం అనుకుని సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఎవరైనా మీరు తెలుగా ఒడియానా అంటే బరంపురం అంటాను, నాకది పూర్తి జవాబే. నీకు నీ జవాబు వేరే ఉండొచ్చు, కానీ శ్రీకాకుళంలో నవ్విన పిల్లలూ, భువనేశ్వర్‌లో కొలీగ్సూ కలిసి నీకు పేరు పెట్టాల్సిన పని లేదు.

ఏం చెయ్యాలి అంటావు. మెస్‌లో ఫ్రెండ్స్‌తో కూర్చున్నప్పుడు వాళ్ళకంటే ముందు నువ్వు చెప్పు, ఏదో ఒకటి. తిన్నాక నచ్చకపోతే నచ్చలేదు అని ఫోన్‌లో రాసుకో. అది కూడా తెలిసినట్టే. రోజుకి ఒక్కటి చాలు, చొక్కా కావచ్చు, నడిచే దారి కావచ్చు. మొదట్లో చాలా తప్పులు పోతాయి, డబ్బులు కొంచెం వేస్ట్ అవుతాయి, పర్లేదు, అయిదేళ్ళ వయసులో చెయ్యాల్సిన తప్పులు ఇప్పుడు చేస్తున్నావు. నాన్నగారి మీదకి మాత్రం ఈ ఉత్తరం పట్టుకుని పోట్లాటకి వెళ్ళకు. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు, ఆయన అరుగు మీద కూర్చున్నప్పుడు, నాన్నా నీ చిన్నప్పుడు నీకేం ఇష్టంగా ఉండేది అని అడుగు. ఆయన కూడా వెనక్కి తిరిగి చూస్తారేమో. అలా చూస్తే తొందరపెట్టకు, పక్కన కూర్చో.

గుణుపురం నించి:

మేడమ్, నాకు 19, డిగ్రీ సెకండియర్. ఫోన్‌లో పర్సనాలిటీ టెస్ట్ చేస్తే నాలుగక్షరాల టైప్ వచ్చింది, పోయిన ఏడాది చేసినప్పుడు వేరే టైప్ వచ్చింది. రెండింట్లో నేను ఏది?

జవాబు:

రెండూ కాదమ్మా, రెండు వేర్వేరు రోజుల్లో నువ్వు నీ గురించి అనుకున్నది. అలాంటి నాలుగక్షరాల టెస్ట్ మొదట తయారుచేసింది క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ అని అమెరికాలో ఒక తల్లీ కూతురూ, యూంగ్ అనే సైకియాట్రిస్టు ఆలోచనలు తీసుకుని చేసేరు, సైకాలజీలో ట్రైనింగ్ అయినవాళ్ళు కారు. మనుషుల్ని 16 డబ్బాల్లో పెడుతుంది. కానీ పొడుగు పొట్టి లాగే చాలామంది మధ్యలోనే ఉంటారు, ఒక్క మార్కు అటూ ఇటూ అయితే డబ్బా మారిపోతుంది, కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేస్తే వేరే టైప్ వచ్చేవాళ్ళు చాలామంది. సరదాకి చేసుకో, దాన్ని చూసి కోర్స్ మార్చుకోకు.

నిజంగా తెలుసుకోవాలంటే ఒక పని చెయ్యి. నిన్ను మూడు వేరే వేరే చోట్ల చూసే ముగ్గుర్ని, మీ అమ్మని, హాస్టల్ రూమ్మేట్‌ని, చిన్నప్పట్నించీ తెలిసిన ఇంకెవరైనా ఒకర్ని, ఒకటే అడుగు, నాకు కోపమొస్తే నేనేం చేస్తాను? మూడు జవాబులు వస్తాయి. అమ్మ గిన్నెలు ఎత్తేస్తావు అంటుంది, రూమ్మేట్ అసలు నీకు కోపమే రాదు కదా అంటుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడొచ్చిందో అక్కడ నీ గురించి చాలా ఉంది.

బరంపురం నించి:

అమ్మా, మాది బరంపురమే, మీ వీధికి దగ్గర్లోనే. నాకు 34, బాబుకి 6. మా అమ్మ చాలా అరిచేది, చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది, నాన్న తాగొచ్చేవాడు, ఆ కోపం అంతా మా మీద. నా పిల్లల మీద ఒక్క మాట పడనివ్వనని పెళ్ళికి ముందే ఒట్టు పెట్టుకున్నాను. పోయిన గురువారం పొద్దున్న స్కూల్ ఆటో హారన్ కొడుతుంటే బాబు పాలగ్లాసు యూనిఫామ్ మీద ఒంపుకున్నాడు. నా నోట్లోంచి "నిన్ను కన్న పాపానికి నాకేటి మిగిలింది" అని వచ్చింది, అచ్చంగా మా అమ్మ గొంతు, అదే సాగదీత. నాకే ఒళ్ళు జలదరించింది. బాబు ఏడవలేదు, గ్లాసు ఎత్తి సింక్‌లో పెట్టేసి బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోయేడు. నేను కూడా చిన్నప్పుడు అచ్చం అలాగే ఏడవకుండా ఉండేదాన్ని. ఇది రక్తంలోనే ఉందా? నేను కూడా అమ్మనే అయిపోయానా?

జవాబు:

తల్లీ, బాబు ఏడవలేదు అన్న దగ్గర నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. నువ్వు అది చూసేవు, ఎందుకు ఏడవలేదో కూడా నీకు తెలుసు. మీ అమ్మ నిన్ను అలా ఎప్పుడైనా చూసిందా? ఇప్పటికి అదే తేడా, చిన్నదేం కాదు.

రక్తం సంగతి ముందు చెప్పేస్తాను. కవలపిల్లల మీద చేసిన 2,748 పరిశోధనల్ని కలిపి 2015లో లెక్క చూస్తే, మనుషులకీ మనుషులకీ మధ్య కనిపించే తేడాల్లో సగటున 49 శాతం పుట్టుకతో వచ్చేదాని వల్ల అని తేలింది. దీన్ని నాలో సగం అమ్మే అని చదువుకోకూడదు, జనం మధ్య తేడాల లెక్క అది, నీ ఒక్కదాని లోపలి లెక్క కాదు. తొందరగా వేడెక్కే స్వభావం నీకు పుట్టుకతో వచ్చి ఉండొచ్చు. కానీ "నిన్ను కన్న పాపానికి" అనే వాక్యం పుట్టుకతో రాదమ్మా. అది విని నేర్చుకున్నది, అమ్మ దగ్గర ముగ్గు నేర్చుకున్నట్టే, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా.

అది తెలుగులోనే ఎందుకొచ్చింది అని కూడా ఆలోచించేను. నువ్వు రోజంతా బయట ఒడియా మాట్లాడతావు కదా. 2003లో ఒక పరిశోధన వచ్చింది, ఇంట్లో టర్కిష్ మాట్లాడి పెరిగి తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళకి రెండు భాషల్లోనూ మాటలు వినిపించి, వేళ్ళ మీద చర్మంలో వచ్చే మార్పు కొలిచేరు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు కేకలేసే మాటలు, సిగ్గులేదూ, నీ గదిలోకి పో, అలాంటివి, ఇంటిభాషలో వింటే ఒళ్ళు ఎక్కువ కదిలింది, అవే ఇంగ్లీషులో వింటే అంత లేదు. పెద్దయ్యాక కూడా. ఇంట్లో పడ్డ మాట అంత లోపలికి దిగుతుంది. ఆటో హారన్ కొడుతూ, టైమ్ లేక, నిద్ర చాలక ఉన్నప్పుడు మనిషి ఆలోచించి మాట్లాడదు, అన్నింటికంటే ముందు నేర్చుకున్నది బయటికి తోసుకొస్తుంది. నీకు బుద్ధి లేక కాదు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ఒక సంగతి. అమెరికాకి చెందిన హవాయిలో కవాయి అని చిన్న దీవి ఉంది, అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వర్నర్ అనే ఆవిడ తన టీమ్‌తో దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చింది. దాదాపు మూడో వంతు పిల్లలు పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు, తల్లికో తండ్రికో మానసిక జబ్బు, ఇలాంటి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు. వీళ్ళలో చాలామందికి కష్టాలు వచ్చేయి, అది దాచను. కానీ మూడింట ఒకరు చక్కగా, ప్రేమగా, నమ్మకంగా ఉండే పెద్దవాళ్ళు అయ్యేరు. వాళ్ళ జీవితాల్లో ఎక్కువసార్లు కనిపించింది ఏటంటే, గట్టిగా పట్టుకున్న ఒక్క పెద్దమనిషి, అమ్మమ్మో, పిన్నో, టీచరో, పక్కింటావిడో. నీకూ ఎవరో ఉండి ఉండాలి, లేకపోతే ఆ ఒట్టు పెట్టుకోవాలని నీకు ఎక్కడ తోచింది? ఎవరి ఇంట్లో కూర్చున్నప్పుడు ఇలా కూడా పిల్లల్ని పెంచొచ్చు అని అనిపించింది? ఆ మనిషి కూడా నీ పెంపకంలో భాగమే, అమ్మ ఒక్కర్తే కాదు. ఆవిడ ఎలా మాట్లాడేదో గుర్తు చేసుకో, ఆ మాటలు పైకి అనుకో, నోటికి అలవాటు చెయ్యి. కొత్త మాట లేకుండా పాత మాట పోదు.

అరవకుండా ఉండటం కంటే ముఖ్యమైంది అరిచిన తర్వాత ఏం చేసేవు అన్నది. పసిపిల్లల్నీ తల్లుల్నీ వీడియోలు తీసి ఎడ్ ట్రానిక్ అనే ఆయన చూపించింది ఇదే, ఎంత మంచి తల్లికైనా బిడ్డతో తాళం తప్పుతూనే ఉంటుంది, మళ్ళీ కలుపుకోవడంలో బిడ్డ నమ్మకం నేర్చుకుంటుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలకి సారీ చెప్పడం అనేదే లేదు, కొట్టేక బెల్లం ముక్క చేతిలో పెడతారు, మాట మాత్రం చెప్పరు, నాకది ఎప్పుడూ నచ్చలేదు. నువ్వు ఈ రాత్రి బాబు పక్కన పడుకున్నప్పుడు చెప్పు: "మొన్న పాలు ఒలికినప్పుడు అమ్మ చెడ్డ మాట అంది. నీ వల్ల కాదు. అమ్మకి కంగారొచ్చింది. అది నిజం మాట కాదు." నాలుగు ముక్కలు, అంతకన్నా పొడుగు వద్దు, నీ చిన్నప్పటి కథంతా వాడి మీద వెయ్యకు, వాడికి ఆరేళ్ళే. వాడు ఏమీ అనకపోవచ్చు, అటు తిరిగి పడుకోవచ్చు. పర్లేదు, విన్నాడు.

పెంపకం రకాలు అని డయానా బామ్‌రిండ్ అనే ఆవిడ 1960ల్లో చెప్పింది, గట్టిగా అదుపులో పెట్టి ప్రేమ చూపించనివాళ్ళు, అదుపూ ప్రేమా రెండూ ఉండి కారణం చెప్పేవాళ్ళు, ఏదడిగితే అది ఇచ్చేసేవాళ్ళు. ఆవిడ చూసింది అమెరికాలో కుటుంబాల్ని, అత్తగారు, తోటికోడలు, మేనమామ అందరూ కలిసి పెంచే మన ఇళ్ళకి అచ్చంగా అతకదు, అయినా ఆ రెండోదాంట్లో "కారణం చెప్పడం" అనేది మనం తీసుకోవాల్సింది. పాలు ఒలికితే తుడుచుకోవాలి, ఎందుకంటే జారతారు. అక్కడితో అయిపోయింది, కన్న పాపం దాకా వెళ్ళక్కర్లేదు.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నాను. ఇది రోజూ జరుగుతున్నా, చెయ్యి లేస్తున్నా, నిద్ర పట్టకపోయినా, అన్నీ వదిలేసి పోవాలనిపిస్తున్నా ఒక్కదానివీ మొయ్యకు. టెలీ మానస్ నంబర్ 14416, గవర్నమెంట్‌ది, 24 గంటలూ ఫ్రీగా పలుకుతుంది. మన ఊళ్ళోనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. ఎవరైనా చూస్తారేమో అని భయమైతే నన్ను అడుగు, మీ వీధి నాకు దగ్గరే అన్నావు, నేను తోడొస్తాను.

జైపూర్ (మన కొరాపుట్ వైపుది) నించి:

చెల్లెమ్మగారికి, నా వయసు 68. గవర్నమెంట్ సర్వీస్ చేసి రిటైరయ్యేను. రెండేళ్ళ కిందట మా పెద్దమ్మగారి దినాల్లో బంధువు ఒకాయన మాట జారేడు, కన్నతల్లికి కొరివి పెట్టే యోగం కూడా లేకపోయింది నీకు అని. అప్పటికి నాకు 66. తర్వాత విచారిస్తే తెలిసింది, నేను పెద్దమ్మ కొడుకునట, మా అమ్మకి పిల్లల్లేకపోతే మూడు నెలల పిల్లాడిగా పెంపకానికి ఇచ్చేరట. మా అమ్మానాన్నలు నన్ను ప్రాణంగా పెంచేరు, ఏ లోటూ చెయ్యలేదు, ఇద్దరూ పోయేరు. పెద్దమ్మ విజయనగరం నించి వచ్చినప్పుడల్లా అందరు పిల్లలకీ కలిపి మిఠాయి తెచ్చేది, నాకు మాత్రం విడిగా కాయితంలో చుట్టి మామిడి తాండ్ర తెచ్చేది. నూనె రాసి తల దువ్వేది, దువ్వడం అయిపోయినా దువ్వెన తీసేది కాదు. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే నా ముఖం నాకే కొత్తగా ఉంది. పిల్లలకి చెప్తే ఈ వయసులో ఎందుకు నాన్నా అంటున్నారు. ఇంత వయసొచ్చేక నేనెవర్నో తెలుసుకోవాలనుకోవడం పిచ్చితనమా?

జవాబు:

అన్నయ్యగారూ, పిచ్చితనం కాదండీ. మనిషి ఎవరికి వారు ఎవరు అన్న ప్రశ్నకి ఇవాళ ప్రపంచమంతా వాడే మాటల్ని ఇచ్చిన పెద్దమనిషి ఎరిక్ ఎరిక్సన్ ఉన్నాడు కదా, ఆయన కథ మీ కథకి చుట్టమే. 1902లో జర్మనీలో పుట్టేడు, తల్లి డెన్మార్క్ ఆవిడ, కన్నతండ్రి ఎవరో ఆవిడ చెప్పలేదు. పిల్లల డాక్టరు ఒకాయన్ని తర్వాత పెళ్ళి చేసుకుంటే, ఆయనే నీ తండ్రి అని చెప్పి పెంచేరు. పిల్లాడు తెల్లగా పొడుగ్గా నీలికళ్ళతో ఉండేవాడు, యూదుల గుడికెళ్తే నువ్వు మావాడివి కాదు అనేవారు, బళ్ళోకెళ్తే నువ్వు యూదువి అనేవారు. పెద్దయ్యాక అమెరికా వెళ్ళి 1939లో పౌరసత్వం వచ్చినప్పుడు ఇంటిపేరు తనే పెట్టుకున్నాడు, ఎరిక్సన్ అని, ఎరిక్ కొడుకు అని అర్థం. 1994లో పోయేవరకూ తండ్రి ఎవరో తెలీలేదు. ఎదిగే వయసులో మాత్రమే కాదు, ముసలితనంలో కూడా మనిషికి ఒక పని ఉంటుందని, వెనక్కి తిరిగి తన బతుకంతా ఒక్కటిగా కలిపి చూసుకోవడం ఆ పని అని ఆయనే చెప్పేడు. మీరు చేస్తున్నది ఆ వయసు పనే.

ఆయనకి దొరకనిది మీకు దొరికింది. దువ్వెన తియ్యని ఆ చెయ్యి మీకు గుర్తుంది. 66 ఏళ్ళు దాన్ని పెద్దమ్మ ముద్దు అనుకున్నారు, ఇప్పుడు పేరు మారింది, చెయ్యి మారలేదు. అలాగని పెంచిన అమ్మ తగ్గిపోదు. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చింది ఎవరు, లెక్క తప్పితే నెత్తిమీద మొట్టి మళ్ళీ చెప్పించింది ఎవరు? మీకు ఇంత జాగ్రత్తగా అక్షరం రాయడం, తప్పు మాట అనకుండా బంధువు పేరు కూడా దాచడం, ఇదంతా ఆ ఇంటి పెంపకమే. ఇద్దరు అమ్మల్నీ తక్కెట్లో పెట్టి ఎవరు బరువు అని చూడక్కర్లేదు, వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళు, పిల్లాణ్ణి ఒకరి ఒళ్ళోంచి ఒకరు అందుకున్నారు. మన వైపు పెంపకానికి ఇవ్వడం కొత్త కాదు, చెప్పకుండా దాచడం మాత్రం మీకు అన్యాయమే, వాళ్ళది మంచి ఉద్దేశం అయినా సరే. ఆ బాధని మంచివాళ్ళు కదా అని మింగెయ్యకండి. ఆస్తి కాయితాల సంగతేమైనా ఉంటే లాయర్‌ని అడగండి, నాకు తెలిసింది మనసు సంగతే.

పిల్లలు ఎందుకు నాన్నా అంటున్నారంటే వాళ్ళకి భయం, మీరు బాధపడతారని. మనవలకి చెప్పండి. అమెరికాలో ఎమొరీ యూనివర్సిటీలో ఇద్దరు పరిశోధకులు పిల్లల్ని 20 ప్రశ్నలు అడిగేరు, మీ తాతావాళ్ళు ఎక్కడ పెరిగేరో తెలుసా, మీ ఇంట్లో జరిగిన కష్టం ఏదైనా తెలుసా, ఇలాంటివి. ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లలకి తమ మీద తమకి నమ్మకం ఎక్కువ కనిపించింది. మంచీ చెడూ కలిసిన కథలు, పటం కట్టి గోడకి పెట్టినవి కావు.

మీరు ఉత్తరం చివర్లో ఇంకో మాట రాసేరు, నేను పైన వెయ్యలేదు, మీ అమ్మలిద్దరి చెల్లెలు, మీ పిన్నిగారు, ఇంకా సాలూరులో ఉన్నారని, 89 ఏళ్ళని, వెళ్ళాలంటే మొహమాటంగా ఉందని. అన్నయ్యగారూ, ఆ ఇంట్లో ఆ రోజు ఉన్నవాళ్ళలో మిగిలింది ఆవిడ ఒక్కరే. మిమ్మల్ని ఏ నెలలో ఇచ్చేరు, ఎవరు ఎత్తుకుని బయల్దేరేరు, పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చిందా, లోపలే ఉండిపోయిందా, మీకు మొదట ఏ పేరు పెట్టేరు, ఇవన్నీ ఆవిడకే తెలుసు. ఫోన్‌లో అడగొద్దు, ఆ వయసువాళ్ళకి ఫోన్‌లో వినపడదు, అరిచి అడిగే ప్రశ్నలు కావు ఇవి. ఘాటీ దిగితే సాలూరే కదా, పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు, వీలైతే ఆ రాత్రి అక్కడే ఉండండి, పెద్దవాళ్ళకి ఇలాంటి మాటలు దీపాలు పెట్టేకే వస్తాయి. మనవణ్ణి ఒకణ్ణి తోడు తీసుకెళ్ళండి. కాయితంలో చుట్టి మామిడి తాండ్ర పట్టుకెళ్ళండి, పిన్నిగారు నమలలేకపోతే కాసిని నీళ్ళలో నానబెట్టి మీరే తినిపించండి.